స్వజనమునకు ఎదురు సాక్ష్యము
(నయాపూల్ సమీపమున ఒక పఠనాలయమున మేము చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభకు వచ్చుచు మేము నయాపూల్ మీద కొంతసేపు నిలిచితిమి. ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి. దక్షిణపు గట్టున 1920లో ప్రారంభింపబడిన హైకోర్టు భవనము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు, నేడు ఆసుపత్రి ఆవరణలో నున్న చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఎవరి మతమును అడుగలేదు. దయకు ఆ ప్రశ్నతో పనిలేదు. ఆవలి గట్టున నున్న న్యాయస్థానమున మాత్రము మొదటి మాటయే ప్రమాణము.

సాక్షి దైవము పేరిట ప్రమాణము చేయవచ్చును. దైవమును నమ్మనివాడు అంతరాత్మ సాక్షిగా పలుకవచ్చును. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము మంత్రులకును, న్యాయమూర్తులకును ఈ రెండు త్రోవలను విడిచినది. ఇది మతమునకు అవమానమని కొందఱందురు. మేమట్లు తలంపము. నాస్తికులైన గోరాగారి యింటి వివాహమున దైవమను మాటకు బదులు సత్యమను మాటను వాడుటకు గాంధీమహాత్ముడు సమ్మతించెను. నిత్యము రామనామము జపించిన ఆయనకే అందు లోపము కానరాలేదు.

అయినచో జాతి న్యాయమునకు మతవిశ్వాసము చేయు మేలేమి? పరమతస్థుని తప్పును చూపుటకు విశ్వాసమక్కఱలేదు, ద్వేషమే చాలును. తనవారి తప్పును నలుగురిలో చెప్పవలసి వచ్చినపుడే విశ్వాసము బయటపడును. నిండుసభలో ద్రౌపదికి అన్యాయము జరుగుచుండగా భీష్మద్రోణాదులు మౌనము వహించిరి; లేచి అడిగినవాడు దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు. తల్లిదండ్రులకు, బంధువులకు ప్రతికూలమైనను న్యాయసాక్ష్యమునకు నిలువవలెనని ఖురానున నిసా అధ్యాయము ఆదేశించుచున్నది. చదువువారు కోటానుకోట్లు. నిలిచినవారెందఱు?

మన నగరమే ఒకనిని చూచినది. షోయబుల్లా ఖాన్ ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడు. హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరవలెననియు, రజాకార్ల దౌర్జన్యము తగదనియు వ్రాసెను. వ్రాసినది తన మతమువారు చదువు భాషలో, తన మతము పేరు చెప్పుకొనువారిని గూర్చియే. 1948 ఆగస్టు 22 రాత్రి కార్యాలయమునుండి యింటికి పోవుచుండగా కాచిగూడలో ఆయనపై బడి చేతిని నఱికి, ప్రాణము తీసిరి. అప్పటి కాయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు.

ఇంతవఱకు చెప్పినపుడు సభలో కరతాళధ్వనులు వినవచ్చుట మాకు అనుభవమే. తరువాతి మాటకు అట్లు వినరావు. అయినను చెప్పక తప్పదు.

ఆ సెప్టెంబరు 13 నుండి 17 వఱకు పోలీసుచర్య జరిగెను. పిదప, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, రజాకార్లతో ఏ సంబంధమును లేని ముస్లిములు అనేకులు హతులైరి. విచారించి రమ్మని నెహ్రూ ప్రభుత్వము పంపిన వారిలో ముఖ్యులు పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్. సుందరలాల్ ఆంగ్లేయ పాలనను ఖండించుచు గ్రంథము వ్రాసి నిషేధమునకు గురియైన దేశభక్తుడు, హిందువు. చచ్చినవారు 27,000 నుండి 40,000 వఱకుందురని వారి నివేదిక అంచనా వేసెను. కొన్ని తావుల సైనికులును దోపిడిలో పాల్గొనిరని చెప్పెను. రజాకార్లు హిందువులకు చేసిన ఘోరములనును దాచలేదు. ముస్లిము నేతగాండ్రను కాపాడుటకై తమ మతమువారికే అడ్డుపడి ప్రాణములు కోల్పోయిన హిందూ నేతగాండ్ర సంగతిని గూడ వ్రాసెను. ఆ నేతగాండ్ర పేర్లు ఏ ఊరి శిలాఫలకముపైనను మేము చూచి యెఱుగము.

ఆ నివేదిక దశాబ్దముల కొలది ప్రజలకు అందలేదు. శాంతికి భంగము కలుగునను భయము ఉండియుండవచ్చును. ఆ దినములలో ఆ భయము వట్టిది కాదు. కాని భయము తీరిన పిదపను దాచుట శాంతి యనిపించుకొనదు. నేడు ప్రతి సెప్టెంబరు 17న ఒక వాడలో షోయబుల్లాను మాత్రమే తలంతురు. మఱియొక వాడలో ఈ నివేదికను మాత్రమే తలంతురు. ఎవరికి వారు ఎదుటివాని దోషపత్రమునే చదువుచున్నారు! షోయబుల్లాను కొనియాడు హిందువు సుందరలాల్ వ్రాసినదానిని చదువవలెను. ఆ నివేదికను చేతబట్టిన ముస్లిము కాచిగూడ రాత్రిని మఱువరాదు.

మేము ఈ పఠనాలయపు బీరువాలను వెదకి చూచితిమి. ఇమ్రోజ్ సంపాదకుని గూర్చిన చిన్న పుస్తకమొకటి కలదు. సుందరలాల్ నివేదిక లేదు. రెండింటిని తెలుగున, ఒకే అరలో, అందఱి చేతికి అందునట్లు ఉంచుడని కార్యదర్శిగారిని కోరి మేము కూర్చుండుచున్నాము.