బురదలో ఒక బడి

మచిలీపట్నంలో స్కూలు టీచర్ల పర్యావరణ శిక్షణలో నన్ను అరగంట మాట్లాడమన్నారు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ మూడు వైపుల నుంచీ టీచర్లు వచ్చారు. అక్కడ చెప్పిన మాటలే ఇవి. మన పిల్లలు, మనతో నడిచేవాళ్ళు కూడా చదవాలని ఇక్కడ పెడుతున్నాను.

టీచర్లందరికీ నమస్కారం.

నేను యానాదుల పిల్లని. దివిసీమలో పుట్టాను. డిగ్రీ చదివానని నన్ను పిలిచారు, సంతోషం. కానీ ఇప్పుడు మీకు చెప్పబోయేదాంట్లో కాలేజీలో నేర్చుకున్నది తక్కువ, మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది ఎక్కువ. ఆవిడ వేలిముద్రే వేస్తుంది.

ముందుగా ఒక సంగతి. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వృత్తుల పాఠం చెప్తున్నారు. రైతు, కుమ్మరి, వడ్రంగి. ఒక్కొక్కరినీ లేపి మీ నాన్న ఏం చేస్తాడని అడిగారు. నా వంతు వచ్చింది. "చేలల్లో ఎలుకలు పడతాడండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. ఆయన చెడ్డాయన కాదు, నాకు పలక కొనిచ్చింది కూడా ఆయనే. అయినా నవ్వారు. నేను మూడు రోజులు బడికి పోలేదు. నాతోపాటు బడిలో చేరిన మా పేట పిల్లలు ఏడుగురు. పదో తరగతి దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఆధార్ లేక, కులపత్రం లేక, అమ్మానాన్నలు పనికి వలసపోయి మానేసినవాళ్ళు ఉన్నారు. నవ్వు తట్టుకోలేక మానేసినవాళ్ళూ ఉన్నారు.

అందుకే మీకు నేర్పాల్సిన మొదటి పాఠం ఎలుక కన్నం దగ్గరే మొదలుపెడతాను.

గుడివాడ చుట్టూ వరి, వరి తర్వాత మినుము. ఆ చేలల్లో పందికొక్కు కన్నం తవ్వితే లోపల వరి వెన్నులు కుప్పగా దొరుకుతాయి. ఏ కన్నంలో ఎలుక ఉందో, ఏది వదిలేసిన కన్నమో మా నాన్న గట్టు మీద నడుస్తూనే చెప్తాడు. నోటి దగ్గర మట్టి తడిగా, కొత్తగా ఉందా, సాలెగూడు కట్టిందా అని చూస్తాడు. పిల్లలతో ఇలా చేయించండి. సాయంత్రం ఒక గట్టు మీద ఇరవై కన్నాలు లెక్కపెట్టి మట్టితో మూయించండి. పొద్దున్నే వెళ్ళి ఎన్ని తెరుచుకున్నాయో చూడమనండి. తెరుచుకున్నవే బతికున్న కన్నాలు. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా ఎలుకల ఉధృతిని ఇలాగే లెక్కగడతారు. ఒక్క పెన్సిలూ నోట్‌బుక్కూ చాలు. తర్వాత అడగండి: విషం పెడితే చచ్చిన ఎలుకని తిన్న గుడ్లగూబ ఏమవుతుంది? బుట్టలు పెట్టి, పొగబెట్టి, తవ్వి పట్టేవాళ్ళు ఈ చేలకి ఏం మేలు చేస్తున్నారు? అప్పుడు నాలాంటి పిల్ల "మా నాన్న ఎలుకలు పడతాడు" అంటే ఎవరూ నవ్వరు. "మీ నాన్నని బడికి తీసుకురా" అంటారు.

రెండో పాఠం ఉప్పు. పంట కాలవ నీళ్ళు, మురుగు కాలవ నీళ్ళు, పాయ నీళ్ళు, మంగినపూడి దగ్గర సముద్రం నీళ్ళు, ఒక్కొక్క లీటరు తెప్పించండి. నాలుగు గిన్నెల్లో ఇగరబెట్టి, అడుగున మిగిలింది తూకం వెయ్యండి. సముద్రం నీళ్ళలో సుమారు 35 గ్రాములు మిగులుతుంది. పాయ నీళ్ళకి మాత్రం ఒకే జవాబు రాదు. వరదల్లో ఒకటి, మే నెలలో ఒకటి. ఎందుకు? అక్కడి నుంచి పిల్లలు పైకి నడవాలి, ప్రకాశం బ్యారేజీ దాకా. 1957లో కట్టిన ఆ బ్యారేజీ నుంచి నీళ్ళు కాలవలకి మళ్ళుతాయి. ఎండాకాలం కిందకి వదిలేది తగ్గితే సముద్రం పైకి ఎగదన్నుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఎందుకయ్యాయో, చేను ఎందుకు చవుడు బారిందో, రొయ్యల చెరువు పక్క రైతు ఎందుకు గొడవ పడుతున్నాడో పిల్లలకి అప్పుడు అర్థమవుతుంది.

మూడోది మడ అడవి. నాగాయలంక, కోడూరు వైపు రండి. చెప్పులు విడిచి రండి. కృష్ణా అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. 1989లో ప్రకటించారు. మడ చెట్టు చుట్టూ బురదలోంచి మేకుల్లా పైకి లేచినవి వేర్లు. గాలి పీల్చుకునే వేర్లు. ఒక మీటరు చదరంలో తాడు కట్టి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది, చూపించండి. తిల్ల కొమ్మ మాత్రం విరవనివ్వకండి, దాని పాలు కళ్ళల్లో పడితే చూపు పోతుంది. ఈ మాట నాకు చెప్పింది అమ్మమ్మ. పోటు ఎప్పుడొస్తుందో, పాటు ఎప్పుడు తీస్తుందో, అమావాస్య పోటుకి, అష్టమి పోటుకి తేడా ఏంటో ఆవిడ వేళ్ళ మీద చెప్తుంది. పాయ ఒడ్డున గీతలు పెట్టిన కర్ర ఒకటి పాతి, నెల రోజులు పిల్లల చేత కొలిపించండి. ఆవిడ చెప్పింది నిజమో కాదో తేలుతుంది.

1977 నవంబర్ 19 ఉప్పెన గురించి పుస్తకంలో రెండు లైన్లుంటాయి. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. ఆ రాత్రిని చూసినవాళ్ళు మీ ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి, ఎంత ఎత్తున వచ్చాయి, ఎక్కడ చెట్లు అడ్డం పడ్డాయి, పిల్లల్ని పంపి అడిగించండి. వాళ్ళు పోకముందే రాయించండి.

సుప్రీంకోర్టు 1991లోనే ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా చెప్పాలంది. అప్పటి నుంచి పుస్తకాలొచ్చాయి, ఎకో క్లబ్బులొచ్చాయి. ఐదో జూన్‌న మొక్క నాటి ఫొటో దిగుతున్నాం. ఆ మొక్కకి ఆరో జూన్‌న నీళ్ళు ఎవరు పోశారని మాత్రం అడగం.

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను. మీరు నేర్చుకోబోయేది మా వాళ్ళ తెలివి. దాన్ని "స్థానికులు చెప్తారు" అని పేరు లేకుండా రాసుకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద, నీటి వనరుల మీద సాముదాయక హక్కు ఉంది. 3(1)(కె)లో జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానం మీద హక్కు ఉంది. పీతలు పట్టుకునే మా అక్కని మడ అడవిలో అడ్డగిస్తే, ఆమె తెలివి గురించి హాల్లో పాఠం చెప్పుకోవడం న్యాయం కాదు కదా.

అందుకని మూడే కోరికలు. అంగలూరు డైట్‌లో గానీ, ఇక్కడ గానీ శిక్షణ పెట్టినప్పుడు మా పెద్దవాళ్ళని గురువులుగా పిలవండి. మిగతా రిసోర్స్ పర్సన్లకి ఇచ్చేదే వాళ్ళకీ ఇవ్వండి, ఎందుకంటే ఆ రోజు వాళ్ళకి కూలి పోతుంది. వాళ్ళు చెప్పింది వాళ్ళ అనుమతితో, వాళ్ళ పేరుతో రాయండి. మూడోది, మా పేట పిల్ల వారం రోజులు బడికి రాకపోతే హాజరు పట్టీలో సున్నా పెట్టి ఊరుకోకుండా ఒకసారి పేటకి రండి.

మా అమ్మమ్మ వెనక కుర్చీలో కూర్చుని ఉంది. ముందుకి రమ్మంటే రానంది. నా అరగంటలో పదిహేను నిమిషాలు మిగిలాయి. అవి ఆవిడవి. అడగండి.

*

మిత్రులారా, వాళ్ళు అడిగారు. మొదట పది నిమిషాలు ఎవరూ లేవలేదు, తర్వాత గంటైనా ఆపలేదు. మీ ఊళ్ళో ఇలాంటి శిక్షణ ఉందని తెలిస్తే మీ తాతనో అమ్మమ్మనో వెంటబెట్టుకుని వెళ్ళండి. ముందు కుర్చీ అడగండి.

జై ఆదివాసీ!