అడవి వెదురు – ఇంటి ఆసనము



ఈ ప్రసంగమును వినుచున్న మీరు ఇప్పుడు దేనిమీద కూర్చుండి యున్నారు? అరుగుమీద కూర్చున్నవారును, నులకమంచము వాల్చుకొన్నవారును కొందఱుందురు. కాని పెక్కురు ప్లాస్టికు కుర్చీలో కూర్చుండి యుందురని నా యూహ. భద్రాచలము మొదలుకొని అడవిలోపలి కోయగూడెముల వఱకు పెండ్లికిని, పంచాయతీకిని, చావునకును నేడు ఆ కుర్చీయే వచ్చుచున్నది. దానిని నేను నిందింపబోను. అది తేలికైనది, ఒకదానిపై నొకటి పేర్చుటకు వీలైనది, వానలో తడిసినను చెడదు, వెలయు తక్కువ. 1972వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో హెన్రీ మసోనే యను నాతడు అట్టి కుర్చీని ఒకే అచ్చులో, రెండు నిమిషములలోపల పోతపోయు విధానమును సాధించెను. అదియు ఆలోచించి చేసిన వస్తువే. కాని దాని కాలు విఱిగినచో బాగుచేయగల చేయి మన యూరిలో లేదు. విఱిగిన కుర్చీ దిబ్బమీద పడియుండును. దానితోపాటు కుర్చీ చేయగల మన మనుష్యుడును పనిలేక కూర్చుండును.

క్రొత్త వస్తువునకు రూపము కల్పింపదలచినవాడు మొదట ముగ్గురి నడుగవలెను. ఏ పదార్థముతో చేయుదుమో ఆ పదార్థము నడుగవలెను. ఎవరు చేయుదురో ఆ చేతి నడుగవలెను. ఎవరు వాడుదురో ఆ మనిషి నడుగవలెను. ఈ పూట నేను చెప్పబోవున దింతియే. ఈ ముగ్గురిని అడుగక నేను చేసిన తప్పొకటి కలదు. దానిని కూడ మీ ముందుంచెదను.

రూపకల్పన యనగానే పట్టణములోని అద్దాల దుకాణము మనకు జ్ఞప్తికి వచ్చును. కాని మన మన్యమునకు ఆ విద్య క్రొత్తది కాదు. కోయసోదరులు పొలమునకు పోవునప్పుడు భుజమున వ్రేలాడదీసికొను సొరకాయ బుఱ్ఱను చూడుడు. తీగెమీద ముదిరిన కాయను కోసి, లోని గుజ్జును గింజలను తీసివేసి, ఎండబెట్టిన పాత్ర యది. సన్నని మెడయందు త్రాడు జాఱక నిలుచును. మూతి యిఱుకగుటచే నడకలో నీరు తొణకదు. మండుటెండలోను నీరు త్వరగా వేడెక్కదు. పగిలినచో మట్టిలో కలిసిపోవును. మరుసటి యేడు పాదున మఱియొకటి కాయును. అట్టి కాయనే నిలువుగా కోసినచో జావ పోసికొను గరిటె యగును.

అమెరికా దేశీయులైన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను దంపతులు కుర్చీల రూపకల్పనలో లోకప్రసిద్ధులు. వారు భారత ప్రభుత్వపు ఆహ్వానముపై మన దేశమున సంచరించి 1958లో ఒక నివేదిక సమర్పించిరి. అందులో వారు మెచ్చి వివరించిన వస్తువు మన లోటా. ఎంత నీరు పట్టవలెను? చంకను పెట్టుకొన్న నెట్లుండును? నిండుగా నున్నపుడును వెలితిగా నున్నపుడును తూకము నిలుచునా? వంచినచో ధార యెట్లు పడును? తోముటకు లోపల చేయి పట్టునా? ఇట్టి ప్రశ్నలకు తరతరములవారు చెప్పిన సమాధానమే దాని రూపమని వారు గ్రహించిరి. ఆ నివేదిక వచ్చిన పిదప 1961లో అహమదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ వెలసెను. లోటాకు చెల్లిన మాట మన సొరబుఱ్ఱకును చెల్లును.

ఇక నా తప్పు. కొన్ని యేండ్ల క్రిందట మా గ్రామపు పఠనాలయమునకు పది కుర్చీలు కావలసి వచ్చెను. ప్లాస్టికు వలదు, మన అడవి వెదురుతోనే చేయింత మని నేను పట్టుపట్టితిని. ఉద్దేశము మంచిదే. పట్టణపు దుకాణములోని యొక కుర్చీబొమ్మను సంపాదించి, భద్రాచలమునకు సమీపమున నివసించు నొక వృద్ధ మేదరి చేతిలో నుంచి, "సరిగా ఇట్లే యుండవలెను, నెల దాటరాదు" అంటిని. ఆయన బొమ్మను అటునిటు త్రిప్పి చూచి, "ఇది కఱ్ఱకుర్చీ, పంతులుగారూ" అనెను. నేను వినిపించుకొనలేదు.

అప్పటికి శ్రావణమాసము. కుర్చీలు చెప్పిన నాటికే వచ్చినవి. చూచుటకు బొమ్మవలెనే యున్నవి. దసరానాటికి మేకులు కొట్టిన చోటులందు బొంగులు నిలువున చీలినవి. దీపావళికి కాళ్ళు కదలజొచ్చినవి. సంక్రాంతికి కుర్చీల క్రింద పిండి జల్లించినట్లు పొడి రాలినది. పుచ్చుపురుగు లోపల చేరినది. ఒకనాడు ఒక పెద్దమనిషి కూర్చున్నంతనే కుర్చీ కూలి, ఆయన మోచేతికి దెబ్బ తగిలెను. నేను ఆ మేదరిని పిలిపించి, రచ్చబండ వద్ద నలుగురి యెదుట, "నీ చేతిలో పని లేదు" అంటిని. ఇయ్యవలసిన సొమ్ములో సగము నిలిపివేసితిని.

ఆయన కోపింపలేదు. "పంతులుగారూ, మీరు బొమ్మ నిచ్చితిరి, నేను బొమ్మను చేసితిని. కుర్చీ నడిగి యుండినచో కుర్చీ చేసియుందును" అని పలికి వెడలిపోయెను.

పది దినములు ఆ మాట నా చెవిలోనే యుండెను. పదునొకండవ దినమున నేనే ఆయన యింటికి పోయితిని. కుమారులిద్దఱు మిరపచేల కూలికి పోయియుండిరి. పదునాలుగేండ్ల మనుమడు వాకిట ఊరక కూర్చుండి యుండెను. "వీనికి పని నేర్పుట లేదా?" అని అడిగితిని. "నేర్పుచుంటిని; మానివేసితిని. నేర్చిన పిదప నలుగురిలో మాటపడుటయే గదా!" అని ఆయన బదులు చెప్పెను. నా నోటిమాట వలన కలిగిన నష్టము కుర్చీల వెలకంటె పెద్దదని అప్పుడు నాకు తెలిసెను.

నేను తప్పు ఒప్పుకొని, వెదురును గూర్చి చెప్పుమని వేడుకొంటిని. ఆయన చెప్పినది నాలుగు విషయములుగా గ్రహించితిని.

మొదటిది వయస్సు. వెదురు ఒక్క వర్షకాలములోనే తన పూర్తి యెత్తు పెరుగును. పిదప అది లావెక్కదు, ఏటేట గట్టిపడును. లేతగడను కోసినచో ఎండి ముడుచుకొనును. మూడేండ్లు నిండిన గడయే ఆసనమునకు పనికివచ్చును. రంగును చూచియు, తట్టి మ్రోత వినియు ఆయన గడ వయస్సు చెప్పగలడు.

రెండవది ఋతువు. పుచ్చుపురుగు వెదురులోని పిండిపదార్థము కొఱకు వచ్చును. కావున వానలు వెనుకబట్టిన పిదప, చలికాలమున కోయవలెను. కోసిన గడలను కొన్ని వారములు పాఱునీట నాననిచ్చినచో ఆ పిండిపదార్థము చాలవఱకు పోవును. నేటి శాస్త్రజ్ఞులు బోరాక్సును బోరికామ్లమును కలిపిన నీటిలో ఊఱబెట్టుదురు; అది పురుగునకు మఱింత బలమైన అడ్డు. నేనో, శ్రావణములో కోయించి, నాననీయక, నెలలోపల కుర్చీ కావలెనంటిని!

మూడవది జాతి. మన అడవులలో ముళ్ళవెదురు లావైనది, లోపల బోలు. సాధనపు వెదురు సన్ననిది, దాని గోడ మందము. కొన్ని గడలు లోపలకూడ గట్టిగానే యుండును. బరువు మోయవలసిన చోట గట్టిగడను, అల్లవలసిన చోట చీల్చిన బద్దను వాడవలెను.

నాలుగవది కట్టు. వెదురు నారలన్నియు నిలువుననే సాగియుండును. మేకు దిగినచో అవి విడిపోయి బొంగు చీలును. "కఱ్ఱకు మేకు, వెదురునకు కట్టు" అని ఆయన ఒక్కమాటలో చెప్పెను.

అంతట ఆయన నన్ను ప్రశ్నింప మొదలిడెను. మీ పఠనాలయమున కూర్చుండువారెవరు? ఎంతసేపు కూర్చుందురు? నేల గచ్చా, మట్టియా? ముసలివారు లేచునప్పుడు చేయి దేనిమీద ఆనింతురు? ప్రతిదినమును అచట కూర్చుండు నేను వీనిలో ఒక్కదానికిని వెంటనే బదులు చెప్పలేకపోయితిని.

మరుసటి చలికాలపు వెదురుతో ఆయన చేసిన ఆసనమునకు కాళ్ళు లేవు. ఏటవాలుగా ఒకదాని నొకటి దాటుచు నిలిచిన బద్దలను పైన నొక వలయముతోను, క్రింద నొక వలయముతోను బిగించి కట్టెను. నడుము సన్నమై డమరుకమువలె నుండును. గంపకు అంచు కట్టు విద్యయే యది. కూర్చున్నవాని బరువు చుట్టునున్న బద్దలన్నిటికిని పంచబడును. ఒక బద్ద విఱిగినచో ఆ బద్దనే మార్చుకొనవచ్చును. వృద్ధుల కొఱకు రెండింటికి చేతిపట్టులును అమర్చెను. ఉత్తరదేశమున మోడా యను పేర ఇట్టి ఆసనములు కలవు. ఆయన వానిని చూచినవాడు కాడు. ఈ ఆసనములు ఒకదానిపై నొకటి పేర్చుటకు కుదురవు. అది వాని లోపము. ఆ లోపమును తీర్చుట చదువుకొన్న మన యువకులకు తగిన పని. నాలుగు వర్షకాలములు గడచినవి. ఆ ఆసనములు ఇప్పటికిని మా పఠనాలయమున నున్నవి.

ఇతర దేశములలో పేరుగాంచిన కుర్చీల చరిత్రయు ఈ మాటనే చెప్పును. మైకేల్ తోనెట్ అను వడ్రంగి బీచి కఱ్ఱను ఆవిరిలో వేడిచేసి వంచు విద్యను సాధించి, 1859లో ఒక కుర్చీని చేసెను. ఆఱు కఱ్ఱముక్కలు, పది మరలు, రెండు నట్టులు – అంతియే. విడదీసిన కుర్చీలు ముప్పదియాఱు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టెడివి. కఱ్ఱ ఎట్లు వంగునో ఆతడు దాని నడిగి తెలిసికొనెను.

షార్లొట్ పెరియాన్ అను ఫ్రెంచి వనిత చరిత్ర మనకు ఇంకను దగ్గఱ. ఆమె 1928లో తన సహచరులతో కలిసి ఉక్కుగొట్టములతో ఒక వాలుకుర్చీని కల్పించెను. 1940లో జపాను ప్రభుత్వము తమ చేతిపనులకు దారి చూపుమని ఆమెను పిలిపించెను. ఆమె ఆ దేశపు పనివారి నడుమ తిరిగి, తన వాలుకుర్చీని వెదురుబద్దలతో మఱల రూపొందింపజేసి, 1941లో ప్రదర్శించెను. ఉక్కువలె నటింపుమని ఆమె వెదురును నిర్బంధింపలేదు. వెదురు తనంత తాను వంగి, కూర్చున్నవాని బరువునకు సాగు గుణమునే ఆధారము చేసికొనెను. నేను కఱ్ఱకుర్చీ బొమ్మనిచ్చి చెడగొట్టిన పనిని ఆమె ఎట్లు చక్కబెట్టెనో చూచితిరా!

మఱల మన గోదావరి యొడ్డునకు వత్తము. హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు పాపికొండల ప్రాంతపు కొండరెడ్లను గూర్చి 1945లో ఒక గ్రంథము ప్రకటించెను. వెదురును కలపను నరికి వర్తకులకు చేర్చు కూలిపనిలో వారెట్లు చిక్కుకొనిరో అందు వ్రాసెను. ఆ తీరముననే యున్న పేరంటాలపల్లిలో, పడవలలో వచ్చిన యాత్రికులకు కొండరెడ్లు వెదురుబద్దలతో చేసిన పూలను అమ్ముట మీలో అనేకులు చూచియుందురు. అదే అడవి, అదే వెదురు. మోపుగా కట్టి అమ్మినవానికి మోత కూలి దక్కెను. పూవుగా చేసినవానికి నేర్పునకు తగిన వెల దక్కెను. పూవు అలంకారము మాత్రమే. ప్రతి యింటికిని, ప్రతి బడికిని కావలసిన ఆసనమును చేసినచో ఎన్ని చేతులకు పని కలుగునో ఊహింపుడు.

వెదురు మనకు దొరకునా యని మీరు సందేహింపవచ్చును. 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీఫలసాయములో చేర్చినది. గోదావరీ ప్రాణహితల కావలనున్న గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా యను చిన్న గ్రామము తన సామూహిక హక్కును గుర్తింపజేసికొని, 2011లో వెదురు రవాణా అనుమతి పత్రములను గ్రామసభయే ఇచ్చుకొను అధికారమును పొందెను. అట్టి హక్కు అడిగి, గుర్తింపు పొందినవారికే చేకూరును. కావున ఈ విషయమును మీ గ్రామసభలో చర్చింపుడు. కోయు గడలకు లెక్కయు, లేతగడలకు రక్షణయు ఏర్పఱచుకొనుడు.

పెద్దలకు నా విన్నపములు కొన్ని కలవు. మీ పంచాయతీకో, బడికో ఆసనములు కావలసినపుడు బొమ్మను తీసికొనిపోవలదు. కూర్చుండువారెవరో, నేల యెట్టిదో చెప్పుడు. చలికాలపు వెదురు దొరకునట్లు ముందుగా బయానా ఇండు. మొదట ఒక్క ఆసనమునే చేయించి ఒక వర్షకాలము వాడి, లోపమున్నచో చెప్పి, దిద్దించి, పిదప పది చేయింపుడు. ఆ పనివాని చెంత ఊరి పిల్లవాని నొక్కని కూర్చుండబెట్టుడు.

నేను నిలిపివేసిన సొమ్మును ఆయన యింటికి పోయిన నాడే చెల్లించితిని. కాని నలుగురిలో ఆడిన మాటను నలుగురిలోనే వెనుకకు తీసికొనవలెను గదా! తన పేరు చెప్పవలదని ఆ వృద్ధుడు కోరెను, చెప్పను. ఆయన మనుమడు సెలవుదినములలో మఱల తాత ప్రక్కన కూర్చుండి బద్దలు చీల్చుచున్నాడు. వృత్తిగా చేపట్టునో లేదో ఇంకను తెలియదు. "నీ చేతిలో పని లేదు" అని రచ్చబండ వద్ద నేనన్న మాట తప్పు. లోపము నేనిచ్చిన బొమ్మలోనే యుండెను. ఆనాడు అచట నున్నవారందఱును ఈ మాటను కూడ విందురుగాక.