గుత్త పనులకు బీమా: ముందు ఏది, తర్వాత ఏది
(సమాఖ్య వార్షిక మహాసభలో, నిర్మాణ పనులు చేసే సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాల్లో అప్పు తీసుకుని గేదెలు కొన్నవాళ్ళు, కిరాణా పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. సెంట్రింగ్ సామాను కొని అద్దెకు ఇచ్చేవాళ్ళు, మిల్లరు కొన్నవాళ్ళు, ఇంటాయనతోనో కొడుకుతోనో కలిసి ఇళ్ళు గుత్తకు పట్టేవాళ్ళు, టైల్స్, రంగులు, కరెంటు పనులు ఒప్పుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ పనులు చేసేవాళ్ళు ఏ బీమా ముందు తీసుకోవాలన్నదే ఈ రోజు నా మాట.

బీమా మనకు కొత్త కాదు. ఆమ్ ఆద్మీ బీమా, అభయహస్తం రోజుల్లో బీమా మిత్రలు ఇంటింటికీ తిరిగారు. ఇప్పుడు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే సురక్ష బీమా, 436 రూపాయలు కడితే జీవన్ జ్యోతి బీమా ఉన్నాయి. ప్రమాదంలో పోతే మొదటిదాంట్లో 2 లక్షలు, ఏ కారణంతో పోయినా రెండోదాంట్లో 2 లక్షలు వస్తాయి. ఇవి తప్పకుండా ఉండాలి. కానీ ఇవన్నీ మన ఇంటికి వచ్చే డబ్బు. గుత్త పని చేసేవాళ్ళకు ఇంకో రకం భయం ఉంది. అది మనం ఇతరులకు ఇవ్వాల్సి వచ్చే డబ్బు.

నలుగురు కూలీలను పెట్టుకుని స్లాబు వేయిస్తున్నామంటే, చట్టం దృష్టిలో మనం యజమానులం. సైటు మీద కూలీకి దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే బాధ్యత యజమానిదే అని 1923 నాటి చట్టంలోనే ఉంది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ బాధ్యత కొనసాగింది. "మాది చిన్న పని, కాగితాలేమీ లేవు" అంటే తప్పదు.

లెక్క ఎలా కడతారో చూడండి. మనిషి చనిపోతే నెల కూలిలో సగం తీసుకుని, వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణిస్తారు. నెల కూలి ఎంత ఉన్నా లెక్కకు 15,000 వరకే తీసుకోవాలని 2020 జనవరిలో కేంద్రం నోటిఫై చేసింది. రోజుకు 700 చొప్పున 26 రోజులు పనిచేసే 30 ఏళ్ళ మనిషి అనుకుందాం. అతని కూలి 18,200, లెక్కలోకి వచ్చేది 15,000, అందులో సగం 7,500. ముప్పై ఏళ్ళకు పట్టికలో అంకె 207.98. గుణిస్తే 15,59,850 రూపాయలు. ప్రాణం ఉండి, ఇక ఏ పనీ చేయలేని స్థితి వస్తే సగానికి బదులు 60 శాతం తీసుకుంటారు. అప్పుడు 18 లక్షలు దాటుతుంది. నెల లోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. మన సంఘం పొదుపంతా కలిపితే ఇంత ఉంటుందా?

"అతనే తాగి ఎక్కాడు", "బెల్టు ఇచ్చినా కట్టుకోలేదు" అనే మాటలు చిన్న దెబ్బల కేసుల్లో పనికొస్తాయేమో గానీ, మనిషి పోయినప్పుడు, పూర్తిగా వికలాంగుడైనప్పుడు ఆ సాకులు చెల్లవు. అతనికి సురక్ష బీమా డబ్బు వచ్చిందనో, భవన నిర్మాణ కార్మికుల బోర్డు సాయం అందిందనో మన బాధ్యత తీరదు. అవి అతని హక్కు. ఇది మన బాకీ.

అందుకే నా మాట ఒక్కటే: ప్రీమియం ఎందులో తక్కువ అని కాదు, ఏ బాకీ వస్తే మనం లేవలేమో దానికి ముందు బీమా చేయించాలి.

ఆ లెక్కన మొదటిది ఉద్యోగుల పరిహార పాలసీ. మన కూలీకి మనం ఇవ్వాల్సిన పరిహారాన్ని బీమా కంపెనీ ఇస్తుంది. ఎంతమంది, ఏ పని, ఎంత కూలి అన్నదాన్ని బట్టి ప్రీమియం వేస్తారు. ప్రీమియం తగ్గుతుందని పది మందిని పెట్టుకుని నలుగురని రాయించకండి. స్లాబు పనిని రంగుల పని అని రాయించకండి. క్లెయిమ్ రోజున ముందు చూసేది అదే. ఆసుపత్రి ఖర్చు కలిసి ఉందో లేదో అడగండి, చాలా పాలసీల్లో దాన్ని విడిగా కలుపుకోవాలి. సెంట్రింగ్ పనిని ఇంకో ముఠాకు ఒప్పగిస్తే వాళ్ళ మనుషుల బాధ్యత మన మీదికీ రావచ్చు, కాబట్టి వాళ్ళనూ అందులో రాయించండి. పైన చెప్పిన జరిమానాను ఈ పాలసీ భరించదు. అందుకే ప్రమాదం జరిగిన రోజే కంపెనీకి తెలియజేయాలి. ఇంకో సంగతి, ఇది కూలీల పాలసీ. నిచ్చెన మీంచి మేస్త్రీయే పడితే ఇందులో ఏమీ రాదు. గుత్త పట్టినవాళ్ళకు వ్యక్తిగత ప్రమాద బీమా వేరే ఉండాలి.

రెండోది దారినపోయేవాళ్ళు, పక్కింటివాళ్ళు. ఇటుక జారి ఎవరి తల మీదో పడితే ఎలా? దీనికి, కడుతున్న పనికి కలిపి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అనే పాలసీ ఉంది. ఒక్కో పనికి విడిగా, పని మొదలైనప్పటి నుంచి అప్పగించేదాకా తీసుకుంటారు. తుఫానుకో, వరదకో, అగ్ని ప్రమాదానికో సగం కట్టిన భవనం దెబ్బతింటే దీంట్లో వస్తుంది. "ఆల్ రిస్క్" అన్న పేరు చూసి అన్నీ వస్తాయనుకోవద్దు. సిమెంటు తక్కువ కలిపి కట్టిన గోడను మళ్ళీ కట్టే ఖర్చు ఇవ్వరు. మనం పునాది తవ్వితే పక్కింటి గోడ కదిలిందనుకోండి, అది మామూలు పాలసీలో ఉండదు, అడిగి కలిపించుకోవాలి. మన కూలీలకు తగిలిన దెబ్బలు కూడా ఇందులో రావు. అందుకే మొదటి పాలసీకి ఇది బదులు కాదు. చిన్న ఇంటికి అక్కర్లేదనిపించవచ్చు గానీ, పాఠశాల గదులో, రెండు మూడు అంతస్తుల ఇల్లో పట్టినప్పుడు తప్పక అడగండి. పెద్ద బిల్డర్ దగ్గర పని పడితే ఆయన పాలసీలో మన పేరు ఉందో లేదో కాగితం మీద చూసుకోండి, నోటి మాట నమ్మవద్దు.

మూడోది సామాను. చాలామంది దీనితోనే మొదలుపెడతారు, ఎందుకంటే కంటికి కనిపించేది ఇదే. మిల్లరు, వైబ్రేటర్ లాంటివాటికి యంత్రాల పాలసీ ఉంది. బయటి ప్రమాదంతో పాడైతే ఇస్తారు, దానంతట అది రిపేరుకొస్తే ఇవ్వరు. గోదాములో ఉన్న సామానుకు 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది. నిప్పు, తుఫాను, వరద, భూకంపం అందులో ఉన్నాయి. మామూలు దొంగతనానికి బర్గ్లరీ పాలసీ వేరే తీసుకోవాలి. అదీ తాళం పగలగొట్టిన గుర్తు ఉంటేనే. ఆరుబయట పెట్టిన జాకీలు మాయమైతే రావడం కష్టం.

విలువ తగ్గించి రాయించడం కూడా మంచిది కాదు. 4 లక్షల సామానును 2 లక్షలకే రాయించామనుకోండి. వరదలో లక్ష రూపాయల సామాను పోతే లక్ష వస్తుందనుకుంటాం. సగానికే రాయించాం కాబట్టి వచ్చేది 50 వేలే. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం దాకా తేడాను పట్టించుకోరు, అంతకు మించితే కోత పడుతుంది.

ఏజెంటు దగ్గర నాలుగు ప్రశ్నలు అడగండి. ఏవి రావు? ప్రతి క్లెయిమ్‌లో మొదట మన వాటా ఎంత? ఎన్ని గంటల్లో తెలపాలి? ఏ కాగితాలు కావాలి? జవాబులు పాలసీలో ఎక్కడున్నాయో చూపించమనండి. ప్రీమియం కంపెనీకి చేరాకే బీమా మొదలవుతుంది. ఏజెంటు చేతికి ఇచ్చాం కదా అని ఊరుకోకుండా రసీదు తీసుకోండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. హైదరాబాద్‌లోని కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాలకూ ఉంది. వ్యక్తుల పాలసీలతో పాటు సొంత వ్యాపారాల, సూక్ష్మ సంస్థల పాలసీలనూ చూస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

వీటన్నిటికీ ఆధారం హాజరు పుస్తకం. ఎవరు ఏ రోజు వచ్చారు, ఎంత కూలి ఇచ్చాం, సంతకమో వేలిముద్రో. సంఘం పుస్తకాలు ఇన్నేళ్ళుగా రాస్తున్న మనకు ఇది బరువు కాదు.

మహాసభ ముందు రెండు విన్నపాలు. గుత్త పనికో, సెంట్రింగ్ సామానుకో అప్పు ఇచ్చేటప్పుడు సూక్ష్మ రుణ ప్రణాళికలో బీమా ఖర్చును కూడా రాయాలి. పాలసీ ముగిసే తేదీని గ్రామ సంఘం పుస్తకంలో ఎక్కించి, నెల ముందే గుర్తు చేయాలి. ఒక్క ప్రమాదం ఆ కూలీ ఇంటినీ, మన సభ్యురాలి ఇంటినీ, ఆమెకు పూచీ ఉన్న పది మంది అక్కలనూ కుదిపేస్తుంది. పరంజా కట్టకముందే పాలసీ కాగితం చేతిలో ఉండాలని తీర్మానం చేద్దాం.