తెలియనివాడు చేయగల సాయం

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా ఉప్పాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను ఎవరి దయాభిక్షా కాదని తేల్చి చెప్పింది. అది మనం చేసిన సేవకు ప్రతిఫలం. అయితే సేవ చేసే శక్తి రిటైరుమెంటుతో పోలేదని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

మా మనవడు, అతని స్నేహితులు సెలవుల్లో ఒక పరికరం చేశారు. డాబా మీది ట్యాంకు నిండగానే బజరు మోగుతుంది. ఆర్డినో అనే చిన్న బోర్డు, దూరం కొలిచే సెన్సారు, నాలుగు తీగలు, అంతే. ఆ బోర్డు 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టిందట. ఈ సరదా పనిని పిల్లలు ‘హ్యాకింగ్’ అన్నారు. బ్యాంకు సొమ్ము కాజేసే విద్య అనుకొని నేను కంగారుపడ్డాను. వస్తువును విప్పి చూసి కొత్త పని చేయించడమే దాని పాత అర్థమని వాళ్లు చెప్పారు.

ఎవరైనా చేసుకోవచ్చని వాళ్లు ఒక కాగితం రాశారు. దాన్ని పట్టుకొని నేను పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. కంప్యూటరులో ఎర్ర అక్షరాలు తప్ప ఏమీ రాలేదు. మనవడు వచ్చి, ఏ బోర్డో, ఏ పోర్టో ఎంచి, క్షణంలో పని చేయించాడు.

“ఇది కాగితంలో రాయలేదేంరా?” అన్నాను.

“అది అందరికీ తెలిసిందే కదా తాతయ్యా!” అన్నాడు.

ఆ మాట నన్ను పొడిచింది. సర్వీసులో ఉండగా ఒక పెద్దావిడ ఫ్యామిలీ పెన్షను కోసం పల్లెనుంచి మూడుసార్లు మా ఆఫీసుకు తిరిగింది. జతపరచవలసిన ఒక కాగితం సంగతి నేను మొదటిసారే చెప్పలేదు. అందరికీ తెలిసిందే అనుకున్నాను. మూడోసారి ఆమె మెట్లమీద కూలబడి ఏడ్చింది. మర్నాడు కావలసిన కాగితాల జాబితా అట్టమీద రాసి గోడకు కట్టాను. ఆ పని ముందే చేయనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అందుచేత పిల్లల కాగితాన్ని తెలుగులో తిరిగి రాశాను. మొదట “సంధానము గావింపవలెను” అని మన ఫైలు భాషలో రాశాను. మా పక్కింటి నేత కార్మికుడు చదివి నవ్వాడు. “తగిలించండి” అని మార్చాను. ఎర్ర తీగ, నల్ల తీగ అని రాస్తే, అతను కొన్న పొట్లంలో రంగులు వేరుగా ఉన్నాయి. అప్పుడు రంగులు తీసేసి, సెన్సారు మీద అచ్చైన వీసీసీ, ట్రిగ్, ఎకో, గ్రౌండ్ అనే పేర్లు రాశాను. “గ్రాఫు కాగితంలో ఒక గడి తప్పితే జాందానీ పువ్వు వంకరపోతుంది మాస్టారూ” అన్నాడతను. నిజమే కదా!

ఇది మన ఊరి ముచ్చట మాత్రమే కాదు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు మొదలుపెడితే, మరుసటి ఏడే దానికి సూచనలు రాసే ప్రత్యేక ప్రయత్నం మొదలైంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు పెద్ద లోటు ప్రోగ్రాములు కాదు, అందరూ పంచుకోగల మంచి మాన్యువళ్లేనని రిచర్డ్ స్టాల్‌మన్ వాదించారు. వాటికోసం 2000లో ప్రత్యేక లైసెన్సు కూడా వచ్చింది. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ వారు సాఫ్ట్‌వేరును తెలుగులోకి తెచ్చారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నింపినవారిలో ప్రోగ్రాము రానివారు ఎందరో ఉన్నారు.

మనం చేయదగినవి మూడు. ఒకటి, కాగితంలో ఉన్నదే చేయాలి. ఎక్కడ ఆగిపోయామో అక్కడే గుర్తు పెట్టాలి. రెండు, తప్పు తెలియజేసేటప్పుడు ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది అని వరుసగా రాయాలి. నోటు ఫైలు రాసినవారికి ఇది కొత్తా? మూడు, ఏ తేదీన, ఏ వెర్షనుకు రాశామో పైనే వేయాలి. పాత జీవో పట్టుకొని తిరిగే బాధ మనకు తెలియనిది కాదు.

తెలిసినవాడికి తాను దాటేసిన మెట్టు కనపడదు. తెలియనివాడి కాలికే అది తగులుతుంది. కనుక మీ ఇళ్లలో పిల్లలు ఏదైనా తయారుచేస్తే, మెచ్చుకొని ఊరుకోకండి. వారి కాగితం అడిగి తీసుకోండి. మీ చేతులతో చేసి చూడండి.