మనిషి వాసన – గాలి నడక
(సంఘ సభలో గావించిన ప్రసంగ పాఠము)



వేటకు సిద్ధమగువాడు తన ఒంటి వాసనను ఎట్లు అదుపులో నుంచుకొనుననునది నేటి విషయము. వేటయే నిషిద్ధమైన కాలమున ఈ ప్రసంగమేల యని మీలో కొందరు శంకింపవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు మన దేశమున వినోదపు వేటకు తలుపు మూసినవి. అది మేలే. కాని వేట పోయినను అడవి పోలేదు. హోసూరు, డెంకణికోట చుట్టుపట్ల మనవారి రాగిచేలపైకి ఏనుగులు దిగుచునే యున్నవి. ఒడిస్సా వైపు మనవారు చోళ్లని పిలుచు పంటయే యిది. కనుక వేటగాండ్రు ప్రాణములొడ్డి నేర్చిన ఈ విద్య నేడు చేను కాచువానికి అక్కరకు వచ్చును.

మొదట వాసన యెచ్చట పుట్టునో చూతము. అప్పుడే కారిన చెమటకు వాసన మిక్కిలి తక్కువ. చంకలు మొదలగు చోట్ల చర్మముపై నివసించు సూక్ష్మజీవులు ఆ స్రావమును విడగొట్టగా వాసన బయలుదేరును. దానికి మన ఊపిరియు, నిత్యము రాలు చర్మపు పొలుసులును, తలనూనె, సబ్బు, బీడీ, వంటింటి పోపు వాసనలును తోడగును. మన ముక్కునకివి తోచవు. కణుజునకును, అడవిపందికిని, ఎలుగుబంటికిని తోచును. ఏనుగు మాట చెప్పనక్కరలేదు. వాసనను పసిగట్టు జన్యువులు మనిషిలో సుమారు 400 పనిచేయుచుండగా, ఆఫ్రికా యేనుగులో సుమారు 2,000 కలవని 2014లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది.

అందుచేత జాగ్రత్త యెరిగిన వేటగాడు పరిమళములేని సబ్బుతో స్నానము చేయును. బట్టలను ఉదికి ఆరుబయట ఆరవేసి, వంటింటి పొగ తగులనిచోట దాచును. పొగాకును, తలనూనెను మానును. చెమట పట్టకుండ నెమ్మదిగా నడచును. అమెరికాలో జింకల వేటకు పోవువారు వాసనను పీల్చుకొను బొగ్గుపొడి చేర్చిన దుస్తులను గూడ ధరించుచున్నారు. కాని అట్టి దుస్తులు ధరించిన మనుష్యులను శిక్షణ పొందిన కుక్కలచే వెదకించి చూడగా, ఆ దుస్తులు కుక్కల ముక్కును మోసపుచ్చజాలవని 2002లో అచ్చటనే ఒక పరిశోధన తేల్చినది. సబ్బు వాసనను తగ్గింపగలదు గాని తుడిచివేయజాలదు. వాసన యెవరికి చేరవలెనో నిర్ణయించునది గాలియే.

కావుననే పాతకాలపు వేటగాడు చిటికెడు బూడిదను జారవిడిచి, అది పోవు దిక్కును చూచిన పిమ్మటనే అడుగు వేసెడివాడు. కొండసీమలలో గాలికొక దినచర్య కలదు. ఎండ తగిలి నేల వేడెక్కిన పిదప గాలి లోయనుండి మిట్టకు ఎగబ్రాకును; ప్రొద్దుగ్రుంకి నేల చల్లబడగా మిట్టనుండి పల్లమునకు జారును. కనుక ప్రొద్దెక్కిన పిదప మృగమునకు ఎగువను, సాయంకాలము దిగువను నిలుచుట వేటగాని నియమము. బండల నడుమను, వాగుల మలుపులలోను గాలి సుడి తిరుగును. అచ్చట ఏ నియమమును నమ్మరాదు.

ఈ శాస్త్రమునే తిరుగవేసి తన ప్రాణమును కాపాడుకొన్నవాడు జిమ్ కార్బెట్. మనిషికి ముక్కు చురుకు లేదని పులి యెరుగదు. జింకను సమీపించినట్లే, తన వాసన అందనివైపు నుండి మనిషిని సమీపించును. ఎదురుగాలిలో నడచువానికి అపాయము వీపువైపున నుండును. అందుచేత కార్బెట్ తిన్నగా నడువక, గాలికి అడ్డముగా ఇటునటు మరలుచు, అపాయమున్న దిక్కు ఒకమారు కుడిప్రక్కకు, ఒకమారు ఎడమప్రక్కకు వచ్చునట్లు చూచుకొనెడివాడు.

మరియొక విశేషము మనసున నిలుపదగినది. కెన్యా దేశమందలి అంబోసెలిలో మసాయి యువకులు ఏనుగులను బల్లెములతో పొడుచుట కలదు. సేద్యము చేయు కంబావారివలన వానికి అంత భయము లేదు. ఈ ఇరు తెగలవారు ధరించిన బట్టలను వేరువేరుగా ఏనుగుల కందించి చూచిరి. మసాయివారి బట్టల వాసన తగిలినప్పుడు అవి మరింత వేగముగను, మరింత దూరముగను పరుగిడినవని 2007లో ప్రకటించిరి. అనగా ఏనుగునకు వాసన మనిషి ఉనికిని మాత్రమే గాక, అతనివారి నడవడిని గూడ తెలుపుచున్నదన్నమాట.

ఇక మనకు కావలసినది. వేటగానికి వాసన దాగుట మేలు; చేను కాచువానికి అదే ముప్పు. రాత్రివేళ గాలి కొండనుండి పల్లమునకు జారునని చెప్పితిని గదా! కొండపాదమున కావలి కూర్చున్నవాని వాసన పల్లమువైపు పోవును గాని, దిగివచ్చు ఏనుగునకు అందదు. దగ్గరకు వచ్చి ఉలికిపడిన ఏనుగు పారిపోవుటకు మారు పైబడవచ్చును. కనుక అచ్చట దీపమును, మాటల అలికిడియు తప్పనిసరి. ఎదురుగాలిలో అడవిదారి నడువవలసి వచ్చినప్పుడు ఒంటరిగా, మౌనముగా పోరాదు. ఏనుగు కంటబడి, అది మనలను గుర్తింపకున్నచో, మన వాసన దానివైపు పోని దిక్కుననే వెనుకకు తగ్గవలెను. మలుపు తిరుగుటకు ముందు చిటికెడు బూడిద చాలును, గాలి నడక తెలియుటకు.

ఈ సంగతులెరిగిన వృద్ధులు మన యిండ్లలో ఇంకను కొందరున్నారు. వారి చేతినుండి తుపాకి పోయినది; తెలివి పోలేదు. వారు చెప్పగలిగియుండగనే, రాత్రులు మంచెనెక్కు మన పడుచువారు వారికడ కూర్చుండి నేర్చుకొందురుగాక.