బడి ఆవరణలోని చెత్తను లెక్కించుట

(వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లల చదువును గూర్చి వినవచ్చిన మీతో చెత్తను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను సంఘము ఎదుట నున్న ప్రశ్న చిన్నది కాదు. మధ్యాహ్న భోజనమైన పిమ్మట ఆవరణ ఊడ్చుటకు ఇంకొక ఆయమ్మను నియమింపవలెనని కొందరు పెద్దలు సూచించిరి. ఆ జీతము తెలుగు పుస్తకములకై కూర్చిన నిధినుండియే రావలెను. అంతకు ముందు చెత్త ఎక్కడ, ఏ వేళ, ఏ రూపమున పడుచున్నదో తెలిసికొందమని మా మనవి.

విశ్వవిద్యాలయములవారు ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించియున్నారు. అమెరికాలో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు రాబర్ట్ చాల్డీనీ తన సహచరులతో 1990లో కొన్ని ప్రయోగములను ప్రకటించెను. కార్లు నిలుపు తావున ప్రతి కారు అద్దముపై ఒక కరపత్రము నుంచిరి. నేల ముందే చెత్తతో నిండియున్నప్పుడు నూటికి 32 మంది దానిని క్రింద పడవేసిరి. శుభ్రముగా నున్నప్పుడు 14 మందియే. తరువాత తమ మనిషి నొకనిని పంపి, వచ్చువారు చూచుచుండగా కాగితమొకటి పారవేయించిరి. మురికి నేలపై పారవేయువారు 54కు పెరిగిరి. శుభ్రమైన నేలపై 6కు తగ్గిరి! ఒకడు పారవేయుటను చూచినవాని దృష్టి నేలమీదికి పోవును. ఇచ్చట అందరును ఏమి చేయుదురో ఆ నేలయే వానికి చెప్పును.

వారే విశ్వవిద్యాలయ వసతిగృహములో, ఉత్తరాల పెట్టెలున్న చోట, శుభ్రమైన నేలపై ఒక్క పుచ్చకాయ డొప్పను మాత్రము ఉంచి చూచిరి. చెత్త పారవేయుట అప్పుడే అన్నిటికంటె తక్కువయ్యెను. (మన బడిలోనూ డొప్ప ఉంచుడని మేము కోరుటలేదు. అది ఇక్కడ ఆవులకు మాత్రమే ఉపకరించును.) అమెరికాలో 130 తావులను పరిశీలించి 2013లో ప్రకటించిన మరియొక అధ్యయనములో, చెత్తతొట్టి దూరమైన కొలది నేలపై పారవేయుట హెచ్చెనని తేలినది.

మన చెన్నైలోని గిండీలో ఐ.ఐ.టి. ఆవరణ 1959 నాటిది. చుక్కల జింకలు, కృష్ణజింకలు అచ్చట తిరుగాడును. మరణించిన జింకల కడుపులలో ప్లాస్టిక్ ముద్దలు బయటపడిన సంగతి పత్రికలలో పలుమార్లు వచ్చినది. ఉప్పు, తినుబండారముల వాసన అంటిన సంచిని జంతువు మేతయే అనుకొనును.

కావున మేము తలపెట్టిన పని ఇది. మొదట ఒక శనివారము సాయంకాలము ఆవరణ నంతటిని శుభ్రపరచి, ముగ్గుపిండితో గడులుగా విభజింతుము. సోమవారము మొదలు ప్రతిదినము భోజన విరామమైన వెంటనే, ఏడవ తరగతి పిల్లలు గడి గడికి పడియున్న వానిని చేతితొడుగులతో ఏరి, రకముల వారీగా లెక్కించి పుస్తకమున వ్రాయుదురు. ముందు శుభ్రపరుపకున్నచో నిన్నటి చెత్త నేటి లెక్కలో కలియును. ఎవరు పారవేసిరని పేర్లు వ్రాయరాదు. అది గూఢచర్యమగును, స్నేహములు చెడును. రెండు వారములైన పిమ్మట తొట్లను కదిపి, మరల రెండు వారములు లెక్కింతుము.

లెక్క పిల్లలది, చెత్త మాత్రము తరచుగా ఇంటినుండియే వచ్చును. పుట్టినరోజునాడు తరగతి కంతటికి పంచు చాక్లెట్ల కాగితములు సాయంకాలము వరండా అంతటను ఎగురుచుండును. ఒక స్టీలు డబ్బాలో సున్నుండలు పంపరాదా? ప్లాస్టిక్ పూత గల కాగితపు కప్పులు తమిళనాట 2019 జనవరి 1 నుండి నిషిద్ధములు. అయినను మన సభలలో కాఫీ వేళ అవి కుర్చీల క్రింద దొరలుచునే యున్నవి. వానిని వంగి ఏరునది ఆయమ్మ. చూచుచుండునవి మన పిల్లల కన్నులు. ఇంకొక ఆయమ్మ వచ్చినచో నేల శుభ్రపడును గాని, క్రింద పడవేయుట ఒకరి హక్కనియు, ఏరుట వేరొకరి వ్రాతయనియు పిల్లవాడు నేర్చుకొనుట మానడు.

లెక్క ముగియువరకు కొత్త నియామకమును సంఘము వాయిదా వేయవలెనని మా ప్రార్థన. వచ్చు శనివారము నాలుగు గంటలకు పని ఆరంభము. వీలైనవారు ఒక గోనెసంచియు, కాఫీకి ఇంటినుండి ఒక గ్లాసును తెచ్చుకొనవలెను.