మెడ స్కాన్ ఎవరికి, ఎందుకు?

(సబా అల్ సలేం ఆరోగ్య అవగాహన సభలో మా వేదిక తరఫున చేసిన ప్రసంగం)



కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ బండ్లు నడుపుతూ, ఇళ్లల్లో, సైట్లలో పనిచేసే మనం నొప్పి ఉంటేనే జబ్బు అనుకుంటాం. ఈరోజు మేము చెప్పేది నొప్పి లేకుండా వచ్చి, పది నిమిషాల్లో పోయే ప్రమాదం గురించి.

మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలున్నాయి. వాటిని కెరోటిడ్ ధమనులంటారు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్ వల్ల వాటి లోపల కొవ్వు పేరుకుంటుంది. అక్కడినుంచి ఒక ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం. ఇక్కడివాళ్లు జల్తా అంటారు.

కొందరికి ముందే హెచ్చరిక వస్తుంది. మూతి ఒక పక్కకు పోతుంది, ఒక చెయ్యి పట్టు తప్పుతుంది, మాట తడబడుతుంది, లేదంటే ఒక కంటికి తెర దించినట్టు చూపు పోతుంది. కాసేపటికి అంతా మామూలే. "ఎండకు అలా అయిందిలే, డ్యూటీ పోతే జీతం కోస్తారు" అని పడుకోవద్దు. పెద్ద పక్షవాతం ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే రావచ్చు. వెంటనే 112కి ఫోన్ చెయ్యండి. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

ఆస్పత్రిలో చేసే పరీక్షల్లో కెరోటిడ్ డాప్లర్ ఒకటి. గర్భిణులకు చేసే స్కాన్ లాంటిదే, మెడ మీద జెల్ రాసి చేస్తారు. సూది లేదు, రేడియేషన్ లేదు. సుమారు అరగంట పని. నీళ్ల పైపు కొస నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి కదా, నాళం సన్నబడిన చోట రక్తమూ అంతే. ఆ వేగం సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగానికి పైగా, 230 దాటితే 70 శాతానికి పైగా పూడిందని డాక్టర్లు లెక్క వేస్తారు. లక్షణాలు వచ్చి, 70 శాతం దాటి, పూర్తిగా మూసుకుపోనివాళ్లకు ఆపరేషన్ మేలు చేస్తుందని 1991లోనే అమెరికా, కెనడా పరిశోధన తేల్చింది. మిగతావాళ్లలో చాలామందికి మందులే సరిపోతాయి.

ఏ లక్షణమూ లేనివాళ్లు ప్యాకేజీలు చూసి ఈ స్కాన్‌కు దినార్లు పొయ్యక్కర్లేదు. బీపీ, షుగర్ చూపించుకోండి, సిగరెట్ మానండి. స్కాన్ తీయించుకున్నవాళ్లు ఊరికి పోయేటప్పుడు రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

జబ్బు వచ్చినవాళ్లకు ఒక్కోసారి తమకేమైందో తెలియదు, పక్కనున్నవాళ్లే చూడాలి. అందుకే ఈ మాట మీ రూములో అందరికీ చెప్పండి. 112 అని గోడ మీద రాసిపెట్టండి.